నెగడు చుట్టూ నీటిరాళ్ళు

కంటి డాక్టరు గదిలోంచి బయటికి రాగానే నా తమ్ముడు అడిగిన మొదటి మాట ఇది: "అక్కా, మన పెరట్లో నెగడు వేసుకోవడానికి చోటుందా?"

నాకు ఒళ్ళు మండింది. వాడి ఎడమ కన్ను పూర్తిగా పోయిందనీ, కుడికంటి వెనక నరం కూడా ఎండిపోతోందనీ, ఉన్న చూపు ఈ చలికాలం గడిచేదాకా నిలిస్తే గొప్పేననీ డాక్టరు అప్పుడే చెప్పాడు. మందుల చీటీ ఇంకా నా చేతిలోనే ఉంది. నేను కళ్ళు తుడుచుకుంటూ మెట్లు వెతుక్కుంటుంటే వీడికి నెగడు కావలసి వచ్చింది.

"చలేస్తోందా?" అన్నాను.

"చలి కాదు. బల్బు వెలుగులో మనుషులు మచ్చల్లా కనిపిస్తున్నారక్కా. మంట వెలుగైతే కదులుతుంది. కదిలే వెలుగులో మొహం మొహంలా ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు గాజు బట్టీ ముందు నిలబడ్డవాణ్ణి, ఆ వెలుగు నాకు అలవాటు. ఉన్నన్నాళ్ళూ మీ మొహాలు చూసుకుంటాను."

మళ్ళీ వెనక్కి వెళ్ళి డాక్టరునే అడిగాం. ఆయన కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మంట చూసినంత మాత్రాన కొత్తగా చెడేదేమీ లేదు. దూరంగా కూర్చోండి. పొగ మాత్రం కంట్లోకి పోకూడదు" అన్నాడు.

భార్య పోయాక తమ్ముడు ఆ ఏడే నా దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో ఉండేది నేనూ, సిటీ బస్సు నడిపే నా కూతురూ. నేనా, పడుకునే ముందు గ్యాసు మీట మూడుసార్లు తిప్పి చూసి, మంచం దాకా వెళ్ళి, మళ్ళీ లేచొచ్చి నాలుగోసారి చూసేదాన్ని. అగ్గిపుల్ల గీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాను. అలాంటిదాని పెరట్లో నెగడు!

కానీ చలికాలం ఎంతని? మహా అయితే మూడు నెలలు. డాక్టరు మాట నా చెవిలో గడియారంలా కొట్టుకుంటోంది. సరే అన్నాను.

*

మా అమ్మాయి సెలవు పెట్టి మమ్మల్ని ఇనప సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళింది. నెగళ్ళలో అన్ని రకాలుంటాయని నాకప్పుడే తెలిసింది. మూడు కాళ్ళ మీద నిలబడే ఇనప బొచ్చె ఒకటి, సిమెంటు తొట్టి ఒకటి, మీట తిప్పితే నీలం మంట వచ్చే గ్యాసు బల్ల ఒకటి.

దుకాణదారు గ్యాసు బల్ల వెలిగించి చూపించాడు. తమ్ముడు మెడ పక్కకి వంచి, మిగిలిన ఆ బొటనవేలంత చూపుతో చాలాసేపు చూశాడు.

"వంటింటి పొయ్యికి పెళ్ళిబట్టలు కట్టినట్టుంది" అన్నాడు.

దుకాణదారు నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక ఇనప బొచ్చె ముందుకు లాగాడు. తమ్ముడు దాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాళ్ళు పట్టుకుని ఊపాడు. "రేకు. రెండు నెలలకి అడుగు ఊడి నిప్పులు నేల మీద కూర్చుంటాయి. కాళ్ళు అప్పుడే తాగినట్టు ఊగుతున్నాయి."

నేను ఈలోగా బొచ్చెతో పాటు వచ్చే కాగితం చదువుతూ నిలబడ్డాను. నాకు బడి లేదు. సబ్బు కాగితాలూ, మందు సీసాలూ చదివి చదువు నేర్చుకున్నాను. అందుకే కాగితం చేతికొస్తే ఆఖరి అక్షరం దాకా వదలను.

"అమ్మా, అది కొన్నాక ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకోవచ్చు" అన్నాడు దుకాణదారు.

"చదివాకే కొనాలో వద్దో తెలిసేది" అన్నాను.

గంట తర్వాత మేం ఏమీ కొనకుండా బయటికొచ్చాం. కాగితం మాత్రం నా సంచిలో ఉంది. మేం వెళ్తే చాలనుకుని ఆయనే ఇచ్చేశాడు. "నెగడు మనమే కట్టుకుందాం" అన్నాడు తమ్ముడు.

*

చోటు వెతకడానికే రెండు రోజులు పట్టింది. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసుకుని పెరడంతా అడుగులు కొలిచాడు. ఇంటి గోడకి పదిహేను అడుగులు. చెక్క షెడ్డుకి పదిహేను. పైన కొమ్మ ఉండకూడదు, తీగ ఉండకూడదు. మొహం ఆకాశానికెత్తి "పైన ఏముందక్కా?" అని అడిగేవాడు. "బట్టల తీగ." ఇంకో నాలుగడుగులు. "ఇక్కడ?" "జామకొమ్మ." ఇంకో ఆరడుగులు. "ఇక్కడ?"

"ఏం లేదు. ఆకాశమే."

"అయితే ఇదే చోటు."

తమ్ముడూ మా అమ్మాయీ కలిసి జానెడు లోతు తవ్వి అడుగున కంకర పోశారు. వాడితో పాటు ఫ్యాక్టరీలో పనిచేసిన డ్రైవరు ఒకాయన, మూతపడిన బట్టీ పక్కన ఎప్పుడూ వాడకుండా మిగిలిపోయిన ఇటుకలు వ్యానులో తెచ్చి దించాడు. మామూలు ఇటుకలు కావవి. లేత పసుపు రంగువి, నిప్పు కోసమే కాల్చినవి. తమ్ముడు ఒక్కొక్కటే తీసుకుని రెండు చేతులతో తడిమి, ఒకదానితో ఒకటి తట్టి వినేవాడు. ఖంగుమంటే కుడివైపు, డప్పుమంటే ఎడమవైపు పెట్టేవాడు. "డప్పుమన్నదాన్లో పగులుంటుంది. పైకి కనపడదు." మోకాళ్ళ మీద కూర్చుని గుండ్రంగా రెండు వరసలు పేర్చాడు. అడుగు వరసలో వేలెడు సందులు వదిలాడు. గాలి కింద నుంచి అందితే పొగ రాదట.

నేను కాగితంలోనివీ, నా భయాల్లోంచి పుట్టినవీ కలిపి పద్నాలుగు జాగ్రత్తలు పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకి అంటించాను. బకెట్టు నిండా నీళ్ళు, ఇంకో బకెట్టు నిండా ఇసక ఉండాలి. కిరసనాయిలు పొయ్యరాదు. రంగు వేసిన చెక్క, అతికించిన చెక్క కాల్చరాదు. గాలి లేచిన రోజు వెలిగించరాదు. వేలాడే పైట, జారే శాలువ పనికిరావు. నిప్పుని ఒంటరిగా వదిలి లోపలికి పోరాదు. ఆర్పాక నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, బూడిద మీద చెయ్యి పెట్టి చూడాలి.

మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, టోపీ తియ్యకుండానే అదంతా చదివింది. "బస్సు నడపడానికి కూడా ఇన్ని రూల్సు లేవమ్మా" అంది.

పక్కింటి టైలరమ్మ గోడ మీంచి తల పెట్టింది. ఆవిడ కుట్టిన బట్టలు మా గోడకి ఆనుకునే ఆరతాయి. "పిన్నిగారూ, నా గిరాకీల జాకెట్లకి మీ ఇంట్లోనే చిల్లులు పెట్టిస్తారా?"

"నువ్వు అద్దినట్టు కుట్టి ఉంటే నిప్పురవ్వకి సందెక్కడిదమ్మా?" అన్నాడు తమ్ముడు కిందనుంచి తల ఎత్తకుండా.

ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. కానీ సాయంత్రానికి బట్టల తాడు రెండోవైపుకి మార్చుకుంది.

*

మొదటి మంట వెలిగించిన సాయంత్రం నేను ఇసక బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మాట చెప్పి మా అమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది.

తమ్ముడు సన్నపుల్లలు గూడులా పేర్చాడు. ఏడాది ఎండిన కట్టె తెప్పించాం. రెండు కట్టెలు తట్టి చూసి, ఆ చప్పుడుకి తల ఊపి అంచున పెట్టాడు. అగ్గిపుల్ల మా అమ్మాయి గీసింది. ముందు చిటపట, తర్వాత పిల్లి పాలు తాగుతున్నట్టు చిన్న చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా మంట నిలబడింది. పొగ లేదు. పెరట్లో చీకటి పడుతోంది. చుట్టూ ఉన్నవన్నీ, తులసికోట, గోడ, కుళాయి, బట్టల తీగ, ఒక్కొక్కటే ఊపిరి పీల్చుకున్నట్టు ముందుకొచ్చి వెనక్కి వెళ్ళాయి.

అరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నిప్పుతో అన్నం వండుకుని తిన్నాను. ఒక్కసారైనా దాని మొహంలోకి చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. నా చేతులు బకెట్టు మీదినుంచి వాటంతటవే జారిపోయాయి.

"ఏం కనిపిస్తోందక్కా?"

"మంట."

"అది అందరికీ కనిపిస్తుంది. అడుగున చూడు, నిప్పు ఏ రంగులో ఉంది?"

"ఎరుపు."

వాడు నాలుక చప్పరించాడు. "మా మేస్త్రి వింటే నిన్ను ఆ పూటే పంపించేసేవాడు. ఎరుపేంటి? పళ్ళబుట్ట గుర్తుపెట్టుకో. మొదట ద్రాక్ష, నలుపులో ఎరుపు. తర్వాత దానిమ్మ గింజ. తర్వాత నారింజ. ఆ పైన నిమ్మ. అన్నిటికన్నా పైన పాలు. పాల రంగు వచ్చిందంటే గాజు నీళ్ళలా కారుతుంది, మనిషి బట్టీకి దూరం జరగాలి. మన పెరట్లో నారింజ దాటదు."

నేను కళ్ళు చికిలించి చూశాను. నిజమే. కట్టె కింద ఒక మూల ద్రాక్ష. గాలి అందే సందు దగ్గర నారింజ. మధ్యలో ఎవరో గుప్పెడు గింజలు ఒలిచి పోసినట్టు దానిమ్మ. చదవడం వచ్చిన మొదటి రోజు సబ్బు కాగితం మీద గీతలు ఒక్కసారిగా మాటలైనప్పుడు ఎలా ఉందో, మళ్ళీ అలాగే ఉంది.

తల ఎత్తేసరికి తమ్ముడు నిప్పుని చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు. మెడ పక్కకి వంచి, కదలకుండా.

"నీ ముక్కు మన నాన్న ముక్కక్కా" అన్నాడు. "నేను ఇన్నేళ్ళూ గమనించలేదు."

తర్వాత మా అమ్మాయిని మంటకి ఇటువైపు రమ్మన్నాడు. దాని గడ్డం కింద మచ్చ గురించి అడిగాడు. సైకిలు మీంచి పడ్డ కథ చెప్పించుకున్నాడు. గోడ మీంచి తొంగి చూస్తున్న టైలరమ్మని కూడా పిలిచాడు. "రామ్మా, అక్కడినుంచి తలకాయ ఒక్కటే కనిపిస్తోంది, భయమేస్తోంది." ఆవిడ నవ్వుతూ కుర్చీ తెచ్చుకుని వచ్చింది. వాడు అందరి మొహాలూ చూసి, ఆఖరి బస్సు బయల్దేరే ముందు కండక్టరులా లెక్క చూసుకున్నాడు. "అందరూ ఉన్నారు" అన్నాడు.

*

ఆ మాట నన్ను పట్టుకుంది. అందరూ ఎక్కడున్నారు?

నాకొక అలవాటుంది. ఎవరికీ చెప్పుకోనిది. మా ఊళ్ళో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా వంతెన దగ్గరే బస్సెక్కాలి. నావాళ్ళని సాగనంపిన ప్రతిసారీ, బస్సు కనుమరుగయ్యాక, వంతెన కిందికి దిగి నీళ్ళలోంచి ఒక రాయి తెచ్చుకునేదాన్ని. మొదటిది తెచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆస్పత్రికని వెళ్ళి తిరిగిరాని మా అమ్మది ఒకటి. ఏడుస్తూ బస్సెక్కిన స్నేహితురాలిది ఒకటి. మా ఆయనది తెల్లటిది, నడుమ నల్లగీత. మొత్తం పదకొండు. ఆరితే అన్నీ ఒకేలా బూడిద రంగుకి తిరిగిపోతాయి. తడిగా ఉంటేనే ఎవరిది ఏదో తెలుస్తుంది. అందుకని కుళాయి పక్కన పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచేదాన్ని. నలభై ఏడేళ్ళుగా అవి నీళ్ళలోనే ఉన్నాయి. మా అమ్మాయి వాటిని పిట్టల కోసం పెట్టాననుకునేది.

నెగడు మొదలైన మూడో వారం, ఒక మధ్యాహ్నం తమ్ముడు కునుకు తీస్తుంటే, ఆ పదకొండు రాళ్ళనీ తీసుకెళ్ళి ఇటుకల వరస మీద, లోపలి అంచున, మంట చుట్టూ మనుషులు కూర్చున్నట్టు కూర్చోబెట్టాను. వాళ్ళకీ వెచ్చగా ఉంటుంది. వాడికీ చూపు ఉండగానే అందరూ కనిపిస్తారు. అంతే నా ఆలోచన. అడిగితే నవ్వుతారని అడగలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి "భలే ఉన్నాయమ్మా" అని మంట వెలిగించింది. ఎప్పటిలాగే తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు. టైలరమ్మ గిరాకీ ఒకావిడ నడుము కొలత గురించి అబద్ధమాడిన సంగతి చెబుతోంది. మేం పగలబడి నవ్వుతున్నాం. మంట బాగా అందుకుంది. మా అమ్మాయి ఇంకో కట్టె వెయ్యడానికి వంగింది.

తమ్ముడు చెయ్యెత్తాడు. "ఉష్. ఎవరు ఈల వేస్తున్నది?"

ఎవరూ వెయ్యడం లేదు. నేను చెవులు రిక్కించాను. మంటలోంచి దారమంత సన్నగా ఒక కూత వస్తోంది.

"అమ్మాయ్, వెనక్కి!" వాడు అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. "వదిలెయ్ కట్టె! వెనక్కి, అందరూ వెనక్కి!"

బస్సు నడిపే మనిషి కాబట్టి మా అమ్మాయి ఎందుకని అడగలేదు. బ్రేకు వేసినట్టు వెనక్కి దూకింది. ఫట్ మని పేలింది. నిప్పులు గుత్తిగా లేచి పడ్డాయి. ఏదో నీళ్ళ బకెట్టుకి తగిలి గంట కొట్టినట్టు మోగింది.

తర్వాత చూస్తే, కట్టె వెయ్యడానికి వంగినప్పుడు మా అమ్మాయి తల ఉన్న ఎత్తులోనే బకెట్టుకి సొట్ట పడి ఉంది. తమ్ముడి చెంప మీద కంటికి వేలెడు కింద చిన్న గీత, అందులో రక్తపు చుక్క.

పద్నాలుగు జాగ్రత్తలు రాసిన దాన్ని నేనే.

"రాయి" అన్నాడు తమ్ముడు, చెంప తుడుచుకుంటూ. "నీళ్ళు తాగిన రాయి. లోపలి నీళ్ళు ఆవిరైతే దారి దొరక్క పేలుతుంది. నేను పేర్చినప్పుడు లేదే. ఎవరు పెట్టారు?"

చెప్పాను. పళ్ళెం సంగతీ, వంతెన సంగతీ, అన్నీ. టైలరమ్మ తల దించుకుంది. మా అమ్మాయి ఇసక పోసి, నీళ్ళు పోసి, నిప్పు ఆర్పింది. బుసబుసమంటున్న బూడిద చుట్టూ మిగిలిన పది రాళ్ళనీ నేను లెక్క పెట్టాను.

"పేలింది ఎవరిది?" అన్నాడు తమ్ముడు.

"నీదే. నువ్వు పంతొమ్మిదో ఏట గాజు ఫ్యాక్టరీకి వెళ్ళిన రోజుది."

వాడు చెంప మీది చుక్క మళ్ళీ తుడుచుకున్నాడు.

"పోనీలే" అన్నాడు. "తిరిగొచ్చేశానుగా. ఇంకా అది నీకెందుకు?"

*

నేను మళ్ళీ నెగడు వెలిగించనివ్వలేదు. గుంట మీద రేకు కప్పి, దాని మీద రెండు ఇటుకలు పెట్టాను. కట్టెలు షెడ్డులో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకున్నాను. కళ్ళు మూస్తే చాలు, బకెట్టు మోగేది. మా అమ్మాయి తల అక్కడే ఉండి ఉంటే? తమ్ముడికి ఉన్న ఆ ఒక్క కన్నూ పోయి ఉంటే?

తమ్ముడు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే తిట్టి ఊరుకునేదాన్ని. అడగలేదు కాబట్టి రోజూ సాయంత్రం కుర్చీ బయట వేసుకుని, రేకు వైపు తిరిగి కూర్చునే వాడి వీపు చూస్తూ వంటింట్లో తిరిగేదాన్ని.

పదో రోజు పొద్దున వాడి గదిలోకి కాఫీ తీసుకెళ్ళాను. నేను వచ్చిన అలికిడి వాడు వినలేదు. పట్టపగలు బల్బు వేసి, దాని కింద కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. మొహం బల్బుకి జానెడు దూరంలో పెట్టాడు. చేతికర్ర చాచి, గోడ మీది మీట నొక్కి బల్బు ఆర్పాడు. వేశాడు. ఆర్పాడు. వేశాడు. వెయ్యడానికీ ఆర్పడానికీ తేడా ఇంకా ఉందో లేదో చూసుకుంటున్నాడు.

కాఫీ గడప దగ్గరే పెట్టేసి వెనక్కి వచ్చేశాను.

పెరట్లోకి వెళ్ళి రేకు తీశాను. పది రాళ్ళనీ ఒక్కొక్కటే తడిపి, ఎవరిది ఏదో చూసుకుని, ఇటుకల మీంచి తీశాను. వాటిని పళ్ళెంలో వెయ్యలేదు. నెగడుకి బారెడు దూరంలో, చుట్టూరా, నేలలో సగం దాకా పాతాను. అక్కడ రాయి పేలేంత వేడి తగలదు. అయినా మంట వెలిగించాక ప్రతి రాయినీ చేత్తో తాకి చూడాలని పదిహేనో జాగ్రత్త రాశాను.

సాయంత్రం మా అమ్మాయి వచ్చేసరికి కట్టె పేర్చి ఉంది. అది అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచింది.

"నేను గీస్తాను" అన్నాను.

మొదటి పుల్ల విరిగింది. రెండోది ఆరిపోయింది. మూడో పుల్లకి మొహం తిప్పుకోలేదు.

తమ్ముడు చెప్పులు లేకుండా పెరట్లోకి నడిచొచ్చాడు. అరికాలికి ఒక రాయి తగలగానే ఆగిపోయాడు. కాలివేళ్ళతో దాన్ని తడిమాడు, పక్కన ఇంకోదాన్ని తడిమాడు.

"ఇది దాటి ముందుకి రాకూడదన్నమాట" అన్నాడు.

"రాకూడదు."

"ఎవరిది ఈ రాయి?"

"అమ్మది."

వాడు చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ ఆ రాయికి ఇవతలే వేయించుకున్నాడు.

*

ఆ తర్వాత గాలి లేని ప్రతి సాయంత్రం నెగడు వెలిగింది. బూడిదలో చెయ్యి పెట్టి చూసే పని నాది. మొదట్లో వేలి కొసతో తాకేదాన్ని. తర్వాత్తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టేదాన్ని. తమ్ముడు రోజూ పాఠం అప్పజెప్పించుకునేవాడు. "ఇప్పుడేం పండు?" "ద్రాక్ష." "ఇప్పుడు?" "దానిమ్మ, అంచున నారింజ." "ఆ, ఇప్పుడు కట్టె వెయ్యి." టైలరమ్మ కూడా నేర్చుకుంది. ఆవిడ చూసే రంగులన్నీ జాకెట్టు గుడ్డల పేర్లే. నారింజని ఎవరి పెళ్ళి చీర అంచుతోనో పోల్చేది.

వాడు మా మొహాలు చూసేవాడు. రోజురోజుకీ మెడ ఇంకాస్త వంచేవాడు. తర్వాత వంచడం మానేశాడు. అది ఏ రోజు మానేశాడో నేను గమనించలేదు. బస్సు శబ్దం లేకుండా వెళ్ళిపోయిన ప్రయాణం అది. వంతెన కిందికి దిగడానికి నాకు వేళ దొరకలేదు.

చలి తగ్గింది. గాలి దిక్కు మారింది. ఇంకో రెండు రోజులకి పెరట్లో ఆకులు రాలి ఎండిపోతాయి, ఇక నెగడు వెయ్యకూడదు. ఆ సాయంత్రం మా అమ్మాయి డ్యూటీలో ఉంది. మేమిద్దరమే. నేను పుల్లలు పేర్చి, వెలిగించి, రాళ్ళన్నీ తాకి చూసి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. మంట కాసేపు ఎగిరి, తగ్గి, నిప్పులు పడ్డాయి.

అలవాటుగా వాడు అడుగుతాడని చూశాను. అడగలేదు.

"ఇవాళ పాఠం లేదా?" అన్నాను.

"నువ్వే చదివి చెప్పక్కా" అన్నాడు. మొహం నెగడు వైపే ఉంది. నెగడుకి కాస్త ఎడమగా.

నాకు అర్థమైంది. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, నా రాళ్ళ గీత దాటకుండా వంగి, నిప్పులోకి చూశాను. చిన్నప్పుడు పేపరు చదివి నాన్నకి వినిపించాలని ఎంతో ఉండేది. చదువు వచ్చేసరికి నాన్న లేడు. గొంతు సవరించుకున్నాను.

"కుడివైపు కట్టె మీద బూడిద. దాని కింద ద్రాక్ష. చిన్న మంట ఒకటి నీలంగా లేచి పడుకుంటోంది. నీ ముందు సందులోంచి గాలి వస్తోంది. అక్కడ నిప్పు ఊపిరి తీస్తున్నట్టు వెలిగి తగ్గుతోంది. మధ్యలో పెద్ద కట్టె రెండుగా విరిగింది. విరిగిన చోట లోపలంతా గదులు గదులుగా ఉందిరా, ఎవరో దీపాలు పెట్టిన ఇల్లులా. మధ్యలో అంతా నారింజ."

వాడు మొహం కొంచెం ఎత్తాడు. మూసిన కళ్ళతో, చెంపలతో విన్నాడు. కంటి కింద ఆ గీత సన్నటి తెల్లని మచ్చయి ఉంది.

"నారింజ కాదక్కా" అన్నాడు. "నారింజైతే నాకు ఇక్కడ, నుదుటి మీద తెలుస్తుంది. ఇంకా దానిమ్మే. తొందరపడకు. మళ్ళీ చూడు."

నా కళ్ళ ముందున్నదాన్ని వాడు దిద్దుతున్నాడు. నేను కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశాను. ఒక్కో గింజా, ఒక్కో గింజా.

దానిమ్మే.